సీఎస్‌ఆర్ ఆంజనేయులు నాటకాల రోజుల ఫొటోలు, రికార్డులు గుర్తుపట్టడంలో సాయం కావాలి

నమస్కారమండీ. సీఎస్‌ఆర్‌గా పేరున్న నటుడు చిలకలపూడి సీతారామాంజనేయులు (1907–1963) సినిమాల పట్టికతో పెద్ద పేచీ లేదు. 'దేవదాసు'లో పార్వతిని పెళ్లాడే జమీందారు, 'మాయాబజార్'లో శకుని అందరికీ తెలిసినవే. చిక్కంతా నాటకాల దగ్గరే.

మొదటిది కృష్ణుడి వేషం ఫొటోలు. 1936లో రెండు ద్రౌపది సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో కృష్ణుడు సీఎస్‌ఆర్, 'ద్రౌపదీ మానసంరక్షణం'లో బందా కనకలింగేశ్వరరావు. ఇద్దరికీ స్టేజీ మీద కూడా ఆ వేషంలో పేరుంది. కిరీటం, రంగు పడ్డాక పోల్చుకోవడం కష్టం, అందుకే ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు పడిపోతోంది. వెనక బొమ్మల తెర ముడతలు కనిపిస్తే సినిమా స్టిల్ కాకపోవచ్చు. అంతకన్నా గట్టి గుర్తులేమైనా ఉన్నాయా?

రెండోది గ్రామఫోన్ రికార్డులు. లేబుల్ మీద సంవత్సరం ఉండదు. మీ దగ్గర ఆయన పద్యాల ప్లేటు ఉంటే, గాడులు ముగిసి లేబుల్ మొదలయ్యే చోట చెక్కిన నంబరు చెప్పగలరా? టార్చి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. దయచేసి స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, ప్లేటులోని లక్క కరిగిపోతుంది.

నాటకాల కరపత్రాలున్నా రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. తేదీ, వారం, తిథి మూడూ ఉంటే చాలు, పాత పంచాంగాలతో సరిచూసి సంవత్సరం పట్టుకోవచ్చు. అడుగున ప్రెస్సు పేరున్న అంచు కత్తిరించకండి. ఆ పేర్లను బట్టి కాలం చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?