ఆడిషన్ ఫారమ్‌లో ఇంటి కష్టాలు రాయాలా వద్దా?

గళం_గోల:
సింగింగ్ రియాలిటీ షోకి అప్లై చేస్తున్నా. ఫారమ్ మొత్తం నింపేశా, రెండు నిమిషాల వీడియో కూడా రెడీ, ఒక్క ప్రశ్న దగ్గర మూడు రోజులుగా ఆగిపోయా. "మీ జీవితంలో ఎదుర్కొన్న పెద్ద కష్టం ఏంటి, ఎలా దాటారు" అని అడిగారు. మా నాన్నకి చాలా ఏళ్లు తాగుడు ఉండేది, మానేసి నాలుగేళ్లయింది. అది రాస్తే ఛాన్స్ పెరుగుతుందని ఫ్రెండ్స్ గోల. పాట పాడటానికి పోతూ నాన్న సంగతి ఎందుకురా బాబూ అని నాకనిపిస్తోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

రిజెక్ట్_రాజా:
రాసెయ్, ఆలోచించకు. నేను మూడు సార్లు వెళ్లా, మూడు సార్లూ ఫస్ట్ రౌండ్‌లోనే థాంక్యూ అన్నారు. మూడోసారి నా ముందున్న కుర్రాడు చరణం మొదట్లోనే శృతి తప్పాడు, కానీ వాళ్లమ్మ గురించి చెప్తూ ఏడ్చాడు, వాడు పైకి నేను బయటికి. టీవీకి కావాల్సింది కన్నీళ్లు, పాటలో వేసే సంగతులూ గమకాలూ కాదు. ఇది చేదుగా ఉన్నా నిజం.

శృతిపెట్టె:
రాజా బ్రో నీ బాధ అర్థమైంది కానీ నువ్వు విన్నది ఆ కుర్రాడు పాడిన ఒక్క పాటేగా, లోపల ఇంకేం పాడాడో, ఎలా పాడాడో తలుపు అవతల ఉన్న నీకేం తెలుసు. సింగర్ జెన్నిఫర్ హడ్సన్ 2004లో అమెరికన్ ఐడల్ అనే పాటల షోలో ఏడో స్థానంలో ఎలిమినేట్ అయింది, సినిమాలో సింగర్ పాత్ర చేసి 2007లో ఆస్కార్ పట్టుకెళ్లింది. గొంతే నిలబెట్టింది, కథ కాదు.

రిజెక్ట్_రాజా:
సరే మరి సూసన్ బాయిల్? 2009, బ్రిటన్స్ గాట్ టాలెంట్ అనే టీవీ టాలెంట్ షో. 47 ఏళ్లావిడ, పెళ్లి కాలేదు, ఎవరూ ముద్దు కూడా పెట్టలేదు అన్న మాట చూపించాకే కదా పాట చూపించింది. కథ లేకపోతే ఆ పాట అంత పేలేదా?

శృతిపెట్టె:
నువ్వే నా పాయింట్ చెప్తున్నావ్ 😄 ఆ ముద్దు మాట సరదాగా అన్నానని తర్వాత ఆవిడే చెప్పుకుంది. నవ్వుతూ జారిన ఒక్క మాట ప్రపంచమంతా ఆవిడ పేరు పక్కన అతుక్కుపోయింది. పైగా ఆ సీజన్‌లో ఆవిడది రెండో స్థానం, గెలిచింది డాన్స్ గ్రూపు.

టైమ్‌కోడ్:
నేను కొన్నాళ్లు ఇలాంటి షోకి ఫుటేజ్ లాగింగ్ చేశా, అంటే రికార్డయిన గంటల గంటల వీడియో చూసి ఏ నిమిషంలో ఎవరు ఏం అన్నారో రాసిపెట్టే పని. అవతలి వైపు నుంచి కొంచెం చెప్తా. పెద్ద షోల్లో జడ్జీల దాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ, ముందు రౌండ్లు ప్రొడక్షన్ టీమే చూస్తుంది, వాళ్ల చేతిలో మీ ఫారమ్ ఉంటుంది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు సగం అందులోంచే వస్తాయి. కాబట్టి ఏది రాస్తే అది కెమెరా ముందు మళ్లీ అడుగుతారు, ఒకసారి కాదు, నాలుగైదు రకాలుగా, సరిగ్గా పాడటానికి పది నిమిషాల ముందు. అది తట్టుకుని పాడగలరా అన్నది చూసుకోండి. కథ బాగుందని తీసుకొచ్చి, గొంతు పూడుకుపోయి పల్లవి కూడా దాటలేని వాళ్లని నేను చూశా.

ఇంకోటి, కష్టం అంటే ఏడుపే అక్కర్లేదు. "చాలా కష్టాలు పడ్డాను" అని రాసేవాళ్లే ఎక్కువ, దాంతో ఎవరికీ ఏమీ కనబడదు. ఒక రోజు, ఒక గది, జరిగిన ఒక విషయం చెప్తే చిన్నదైనా గుర్తుంటుంది.

వీడియో మాత్రం ఫోన్ అడ్డంగా పెట్టి, వెలుతురు మొహం మీద పడేలా తియ్యండి, వెనక మ్యూజిక్ ట్రాక్ వద్దు, గొంతు బాగా వినిపించే చోటు నుంచే మొదలెట్టండి. మొదటి ఇరవై సెకన్లు సోదిలో పోతే మిగతాది ఎవరు చూస్తారు. అలాగే సెలెక్షన్ గ్యారంటీ, డబ్బు కట్టు అని ఫోన్ వస్తే పెట్టేయండి, అది మోసం.

పెద్దక్క:
నేనెప్పుడూ రాయను, చదివి పోతా, ఈరోజు ఆగలేకపోయా. మా తమ్ముడు ఒక షో ఆడిషన్‌లో నా డిప్రెషన్ గురించి చెప్పాడు. ప్రేమతోనే చెప్పాడు, అక్క కోసం పాడుతున్నా అని. నన్ను అడగలేదు. నేను టీవీలో చూసి తెలుసుకున్నా, మర్నాడు ఆఫీసులో అందరూ నాతో మెల్లగా మాట్లాడటం మొదలెట్టారు, ఆ మెల్లగా మాట్లాడటం ఎంత నరకమో చెప్పలేను. వాడు తర్వాతి రౌండ్‌లోనే బయటికి వచ్చేశాడు, ఆ క్లిప్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తీసెయ్యమని అడిగితే సంతకం చేశారు కదా అన్నారు. గోల తమ్ముడూ, అది నీ కష్టం కూడా, కాదనను. కానీ మానేసింది మీ నాన్నగారు.

రిజెక్ట్_రాజా:
అక్కా సారీ. ఈ వైపు నేను ఆలోచించలేదు. అయినా ఒక మాట, ఆయన ఒప్పుకుంటే రాయొచ్చు కదా? దాచుకోవాల్సిన తప్పేం కాదు, మానేయడం గొప్ప విషయమే.

టైమ్‌కోడ్:
ఒప్పుకుంటే రాయొచ్చు. కానీ ఆయనకి మొత్తం చెప్పి అడగాలి. ఆ సంతకం పెట్టే కాగితంలో మామూలుగా మీరు మాట్లాడింది ఎలాగైనా కత్తిరించుకుని వాడుకునే హక్కు వాళ్లకి ఉంటుంది. మీరు "నాలుగేళ్లుగా ముట్టలేదు" అని చెప్పినా ప్రోమోలో "నాన్న తాగేవాడు" వరకే రావచ్చు. ఆ ముక్క ఒక్కటే వచ్చినా పర్వాలేదా అని అడగండి.

గళం_గోల:
నిన్న రాత్రి అడిగా. టైమ్‌కోడ్ గారు చెప్పినట్టే, ఆ ముక్క ఒక్కటే వస్తే ఎలా అని కూడా అడిగా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నా గురించి రాసుకో, కానీ మీ అమ్మని ఏడిపిస్తారేమో, ఆవిడని కూడా అడుగు" అన్నారు. అమ్మ వద్దంది. అంతే, కొట్టేశా.

దాని బదులు పదో క్లాసులో గొంతు మారినప్పుడు ఏడాదిన్నర పాడలేక, స్కూల్ ప్రేయర్‌లో పెదాలు మాత్రమే కదిపిన సంగతి రాశా. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఫారమ్ పంపేశా, వీడియో మళ్లీ తీశా, ఈసారి పరిచయం లేకుండా నేరుగా చరణం నుంచే.

రిజెక్ట్_రాజా:
పెదాలు కదపడం 😂 అది నేనూ చేశా. ఏ పాట పంపావ్?