మొదటి ప్లీ ఆఫర్‌కే సంతకం పెట్టేయాలా? డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు, వీసా మీద ఉన్నవాళ్ళ లెక్క

కృష్ణలంక (చర్చ మొదలుపెట్టినవారు)
2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు బయటపడింది, ఇమిగ్రేషన్ ఏజెంట్లు స్టింగ్ కోసం పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది. అప్పటి నుంచీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఫెడరల్ కేసులో గెలిచేది లేదు, మొదటి ఆఫర్‌కే ఒప్పేసుకో." అందులో రిక్రూటర్లని చార్జీలు పడ్డ 8 మందిలో ఎక్కువమంది ఒప్పుకున్నవాళ్ళే. ప్లీ ఆఫర్ అంటే, ట్రయల్ లేకుండా నేరం ఒప్పుకోమని ప్రభుత్వ లాయరు పెట్టే బేరం. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాడికి ఇది మంచి సలహానా? మిషిగన్ ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ (డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు పరిధి) దాటకుండా మాట్లాడుకుందాం. లేకపోతే తలా ఒక రాష్ట్రం చట్టం పట్టుకొస్తారు.

లెక్కల మాస్టారు
మంచి సలహానే. అంకెలు చూడండి. ఫెడరల్ శిక్షకి ఒక పట్టిక ఉంది: నేరం లెవెల్ 1 నుంచి 43 దాకా, పాత నేరచరిత్ర ఆరు గడులు. పాత కేసులేవీ లేని మనిషికి లెవెల్ 19 తేలిందనుకోండి. 2023 నవంబర్ నుంచి, చరిత్ర సున్నా ఉన్నవాళ్ళకి 2 లెవెళ్ళు తగ్గిస్తున్నారు, అంటే 17. ట్రయల్‌కి వెళ్ళి ఓడితే 24 నుంచి 30 నెలలు. నేరం ఒప్పుకుంటే ఇంకో 3 తగ్గి 14 అవుతుంది, 15 నుంచి 21 నెలలు. ట్రయల్‌లో సాక్ష్యం చెప్పి అది అబద్ధమని జడ్జి తేల్చితే పైన 2 లెవెళ్ళు పెరుగుతాయి. ఫెడరల్ జైల్లో పెరోల్ లేదు, 1987 నవంబర్ తర్వాతి నేరాలకి ఎత్తేశారు. మంచి నడతకి ఏడాదికి 54 రోజులు తగ్గుతాయి. ఫెడరల్ నేర నిర్ధారణల్లో 97 శాతం ప్లీల మీదే జరుగుతున్నాయని సుప్రీంకోర్టే 2012లో రాసింది.

ఇంకో ముక్క. ఆ సున్నా చరిత్ర తగ్గింపు అందరికీ రాదు. "నలుగురినీ పోగుచేసి నడిపించింది నువ్వే" అని పాత్ర పెంపు పడితే అది పోతుంది. మనవాళ్ళ రిక్రూటర్ కేసుల్లో దెబ్బ తగిలేది అక్కడే.

కాజీపేట జంక్షన్
మాస్టారూ, మీ లెక్క సిటిజెన్‌కి సరిపోతది. గ్రీన్‌కార్డు ఉన్నోడికి నెలల కంటే ముందు చూడాల్సింది ఏ కౌంట్‌కి, అంటే ఏ ఆరోపణకి, ఒప్పుకుంటున్నడనేది.

ఇమిగ్రేషన్ చట్టంల "అగ్రవేటెడ్ ఫెలొనీ" అని ఓ జాబితా ఉంది. అందుల పడితే గ్రీన్‌కార్డున్నా డిపోర్టేషన్ ఆపుడు దాదాపు అసాధ్యం. దొంగ వీసా కాగితాల కేసు 12 నెలలు, ఆపైన శిక్ష పడితేనే అందుల పడతది. మోసం కేసుకు నెలలతోని పనే లేదు, నష్టం 10,000 డాలర్లు దాటితే చాలు. లాభం కోసం దేశంల అక్రమంగా ఉంచిన కేసుకైతే రెండూ చూడరు, పేరు చాలు. ఫార్మింగ్టన్ ఇండైట్‌మెంట్‌ల (నేరారోపణ పత్రంల) వీసా మోసం, ఇట్ల ఉంచుడు, రెండూ పక్కపక్కనే ఉన్నయి. ఒప్పందంల ఏది మిగిలింది, ఏది కొట్టేసిండ్రు అన్నదాని మీదనే మనిషి ఇక్కడుంటడా పోతడా తేలతది.

మీ 54 రోజులు చూడుండ్రి. ఆ తగ్గింపు ఏడాది దాటిన శిక్షకే వస్తది. అందుకని లాయర్లు అలవాటు కొద్దీ "ఏడాది ఒక రోజు" అడుగుతరు, సిటిజెన్‌కు అది లాభమే. వీసా కాగితాల కేసుల ఉన్న గ్రీన్‌కార్డు మనిషికి అదే ఉరితాడు, 12 నెలలు దాటింది కదా. ఆయనకు 11 నెలలు అడగాలె, బయటికొచ్చేది కొంచెం ఆలస్యమైనా సరే.

లెక్కల మాస్టారు
అది ఒప్పుకుంటాను, కౌంట్ చూసుకునే సంతకం పెట్టాలి. అయినా ఆలస్యం మేలని దాంతో తేలదు. తగ్గే 3 లెవెళ్ళలో మూడోది ప్రభుత్వ లాయరు అడిగితేనే వస్తుంది. వాళ్ళు ట్రయల్‌కి తయారవకముందే మీరు చెప్పాలి. జడ్జి షెడ్యూలింగ్ ఆర్డర్‌లో ప్లీ కటాఫ్ తేదీ ఉంటుంది. అది దాటితే ఆ మూడోదానికి గ్యారంటీ లేదు.

కాజీపేట జంక్షన్
కటాఫ్ తేదీ వేరు, మొదటి ఆఫర్ వేరు మాస్టారూ. నడుమ నెలలుంటయి. ట్రయల్ 70 రోజులల్ల మొదలవ్వాలని చట్టం ఉంది గానీ, రెండు దిక్కులా ఒప్పుకొని అడిగితే జడ్జి కారణం రాసి ఇచ్చే వాయిదా రోజులు అందుల లెక్కకు రావు. డిస్కవరీ, అంటే ప్రభుత్వం దగ్గరున్న సాక్ష్యాలు, చదవకుండా పెట్టిన సంతకం గుడ్డిదే. బ్యాంకు కాగితాలు, చాట్లు, అండర్‌కవర్ రికార్డింగులు అన్నీ అడిగి తీసుకోవాలె. సాక్షుల వాంగ్మూలాలు మాత్రం సాక్షి బోనుల చెప్పినంకనే ఇయ్యాలని చట్టం, ముందే ఇస్తే వాళ్ళ దయ.

తుంగభద్ర
ఇద్దరూ ఒకటి వదిలేశారు. సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం. జడ్జి ప్లీని అంగీకరించేదాకా ఏ కారణం చెప్పైనా తీసుకోవచ్చు. అంగీకరించాక, శిక్ష పడేలోపు, న్యాయమైన కారణం చూపాలి. "లాయరు తొందరపెట్టాడు" అన్న ఒక్క ముక్కతో ఏ జడ్జీ కరగడు. శిక్ష పడ్డాక ఆ దారీ మూసుకుపోతుంది.

మిషిగన్ లాయర్లు ఈ ఒప్పందాన్ని "రూల్ 11" అంటారు. అందులో రెండు రకాలు వేరుగా చూసుకోవాలి. ఒక రకంలో 15 నెలలని రాసినా అది సిఫారసే, జడ్జి 24 వేస్తే మీరు చేయగలిగింది లేదు. రెండో రకంలో జడ్జి ఆ అంకె ఒప్పుకోకపోతే మీ ప్లీ మీరు వెనక్కి తీసుకోవచ్చు. మీకొచ్చిన ఆఫర్ ఏ రకమో చూసుకోవాలి. అప్పీలు హక్కు వదులుకునే పేరా కూడా అందులోనే ఉంటుంది. అది లేకపోతే తీర్పు నమోదైన 14 రోజుల్లో నోటీసు వేసి సిన్సినాటిలోని సిక్స్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టుకి వెళ్ళొచ్చు.

అసలు ఒప్పందమే లేకుండా, ఇండైట్‌మెంట్‌లో ఉన్నదానికి నేరుగా ఒప్పుకోవడం ఒక దారి. అప్పీలు హక్కు మిగులుతుంది. అప్పీలు వదులుకోలేదన్న కోపంతో మూడో లెవెల్ ఆపకూడదని 2013లో గైడ్‌లైన్స్‌కి (మాస్టారు చెప్పిన శిక్షల పట్టిక నియమాలకి) వ్యాఖ్య కూడా చేర్చారు. అయితే కౌంట్లేవీ కొట్టేయరు, కాజీపేట గారు చెప్పిన బేరం ఇందులో కుదరదు.

మునగకాడ
ట్రయల్ అనే మాటే ఎవరూ ఎత్తట్లేదేం? జ్యూరీలో 12 మందీ ఏకగ్రీవంగా చెప్పాలండీ. స్టింగ్ ఆపరేషన్‌లో మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదే కేసంతా. ఆ మాట జ్యూరీకే వదలాలి. అక్రమంగా తీసిన సాక్ష్యాన్ని పక్కన పెట్టమని వేసిన మోషన్ (అభ్యర్థన) ఓడినా, ఆ పాయింట్ మీద అప్పీలు దాచుకుని ఒప్పుకునే షరతు ప్లీ కూడా ఉంది. దానికి జడ్జీ, ప్రభుత్వ లాయరూ ఇద్దరూ ఒప్పుకోవాలనుకోండి.

తుంగభద్ర
తెలియదు అన్న వాదన పేపర్ మీద బలంగానే ఉంటుంది మునగకాడ గారూ, రికార్డింగ్ లేనప్పుడు. స్టింగ్‌లో ఉండేదే రికార్డింగ్. అవి విన్నాక కూడా వాదన నిలబడితే ట్రయల్‌కి వెళ్ళమనే నేనూ చెప్తాను.

కృష్ణలంక
ఫార్మింగ్టన్‌లో పట్టుకున్న స్టూడెంట్లు కూడా ఇదే కోర్టుకి వెళ్ళారా? వాళ్ళకి ఉచిత లాయరు ఎందుకు ఇవ్వలేదని గ్రూపులో ఒకాయన గొడవ.

కాజీపేట జంక్షన్
లేదన్నా. వాళ్ళల్ల చాలామందివి ఇమిగ్రేషన్ కేసులు. ఇమిగ్రేషన్ కోర్టు న్యాయశాఖ కింద ఉండే వేరే యంత్రాంగం, అక్కడ సర్కారు ఖర్చుతోని లాయరు రాడు. డిస్ట్రిక్ట్ కోర్టుల క్రిమినల్ కేసుకే వస్తడు, సీజేఏ (ఉచిత లాయరు ఇచ్చే చట్టం) 23 అనే ఆస్తి వివరాల ఫారం నింపాలె. డాకెట్ నంబర్ చూస్తే తెలిసిపోతది: 2తోని మొదలైతే డెట్రాయిట్, 4 అయితే ఫ్లింట్, తర్వాత ఏడాది, తర్వాత "సీఆర్" అని ఉంటే ఇండైట్‌మెంట్ దాకా వచ్చిన క్రిమినల్ కేసు, "ఎంజే" అయితే ఇంకా మెజిస్ట్రేట్ జడ్జి దగ్గర కంప్లయింట్ దశ. పేసర్‌ల (ఫెడరల్ కోర్టు కాగితాలు చూసే వెబ్‌సైట్‌ల) పేజీకి 10 సెంట్లు, ఒక్క డాక్యుమెంట్ మొత్తానికి మామూలుగా 3 డాలర్లు దాటదు. వాట్సాప్‌ల వచ్చింది నమ్మేకంటే అది చూసుకొనుడు నయం.

బెయిల్ సంగతి కూడా గింతే. మెజిస్ట్రేట్ వదిలినా, ఐస్ వాళ్ళు (ఇమిగ్రేషన్ పోలీసులు) డిటెయినర్, అంటే మాకప్పగించమన్న కాగితం, వేసి ఉంటే బయట గేటు కాడ వాళ్ళే నిలబడొచ్చు. బాండ్ అడిగే ముందే లాయరు ఆ సంగతి కనుక్కోవాలె.

లెక్కల మాస్టారు
తెలుగు దుబాసీ కావాలంటే మొదటి హాజరు ముందే చెప్పండి. కోర్టు ఖర్చే. కానీ ఫెడరల్ సర్టిఫికేషన్ పరీక్ష స్పానిష్‌కే నడుస్తోంది. తెలుగుకి వచ్చే మనిషి స్థాయి మారుతుంది, "కుట్ర"కీ "ఒప్పందం"కీ తేడా తప్పినా అడిగేవాడు ఉండడు.

తుంగభద్ర
లీ కేసు కూడా ఇక్కడ చెప్పాలి. మెంఫిస్‌లో గ్రీన్‌కార్డు ఉన్న కొరియా మనిషి, డిపోర్టేషన్ ఉండదని లాయరు చెబితే ఒప్పుకున్నాడు. కోర్టులో జడ్జి హెచ్చరిస్తే, అది మామూలుగా చదివే హెచ్చరికేలే అన్నాడు లాయరు. సిక్స్త్ సర్క్యూట్ ఊరట ఇవ్వలేదు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆయనకి పడ్డ శిక్ష ఎంతనుకున్నారు? ఏడాది ఒక రోజు.

లెక్కల మాస్టారు
సరే, నా సలహా మార్చుకుంటున్నాను. కటాఫ్ తేదీ దాటొద్దు, డిస్కవరీ చదవకుండా పెట్టొద్దు, క్రిమినల్ లాయరు రాసిన రూల్ 11 కాగితం సంతకానికి ముందు వేరే ఇమిగ్రేషన్ లాయరుకి పంపాలి. నష్టం ఎంతని రాశారో ఆ అంకెతో సహా. 2009 నిఝావన్ కేసులో ఆ 10,000 డాలర్ల లెక్క తేల్చడానికి సుప్రీంకోర్టు చూసినవాటిలో శిక్ష వేళ ఒప్పుకున్న నష్టం అంకె ఒకటి.

మునగకాడ
ఆ ఇమిగ్రేషన్ లాయరు ఫీజు మాత్రం సీజేఏలో రాదనుకుంటా మాస్టారూ?

లెక్కల మాస్టారు
విడిగా పెట్టుకుంటే మీ జేబులోంచే. నియమించిన డిఫెండర్ నిపుణుడి సలహా కోసం కోర్టుని నిధులు అడగొచ్చు, ఇవ్వడం జడ్జి ఇష్టం. అడగమని మీరు గట్టిగా చెప్పాలి.