సమస్యాపూరణం: మంట రేపె నోట మంచుముక్క

నిర్వాహకురాలు:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చేయాలి.

మంట రేపె నోట మంచుముక్క

ఐదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) మం–మం, కాబట్టి పాదం దగ్గర ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఒకటే షరతు. వేసవి కదా, అందరిళ్ళలోనూ ఫ్రీజర్ నిండా ఏదో ఒకటి గడ్డకడుతూనే ఉంటుంది, అందుకని పూరణ ఇంట్లో చేసుకునే చాక్లెట్ లేదా కాఫీ ఐసు గురించే ఉండాలి, కుల్ఫీ అయినా సరే పుల్ల ఐసు అయినా సరే, అందులో మసాలా దినుసు ఒకటైనా పడాలి. అవధానంలో సమస్య ఇచ్చేవాళ్ళు చూసేది ఒకటే, పొసగని మాటకి మొదటి మూడు పాదాల్లో కారణం దొరికిందా లేదా అని. నేనూ అదే చూస్తాను. ఇంకోటి కూడా చూస్తాను, పద్యంలో చెప్పినట్టు వంటింట్లో చేస్తే నిజంగా ఐసు వస్తుందా, మంట పుడుతుందా అని. కాఫీని కాఫి అనీ, కోకోని కోకొ అనీ కుదించుకోవచ్చు, అన్యదేశ్యాలే కనుక నాకు అభ్యంతరం లేదు.

పుల్లఐసు:

పాలు కాచి పోసి పంచదారను వేసి
కోకొ పొడిని కలిపి కొంత మరుగ
మిరియమించుకంత మెదిపి చేర్చినయంత
మంట రేపె నోట మంచుముక్క

గణయతి:

గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయండీ, నడక కూడా బావుంది. కానీ పాలు ఇంకా పొయ్యి మీదే మరుగుతున్నాయి! మూడో పాదంలో మిరియం "చేర్చినయంత" అన్నారు, వెంటనే నాలుగో పాదంలో మంచుముక్క వచ్చేసింది. అది గడ్డకట్టిన సంగతి ఎక్కడా లేదు. సమస్యలో ఉన్న మాటల్లో మంటకి కారణం చెప్పారు, మంచుకి చెప్పలేదు, అంటే సగమే పూరించినట్టు.

నిర్వాహకురాలు:

గణయతి గారి మాటే నాదీ. "కాచి పోసి" దగ్గర ఎక్కడ పోశారో కూడా తెలియలేదు, అది గణం కోసం వచ్చిన మాట. మూడో పాదం ఒక్కటి ఇలా మారిస్తే చాలనుకుంటాను:

మిరియమద్ది మూస మీదియరను బెట్ట

మూసలో పోసి ఫ్రిజ్జు పై అరలో పెట్టినట్టు వచ్చింది, మిరియమూ పోలేదు. వంట సంగతికొస్తే మీ క్రమం సరైనదే, మిరియప్పొడి చివర్లో పడాలి. మొదటే వేసి పాలతో పాటు అరగంట మరిగిస్తే ఘాటు మిగులుతుంది గానీ వాసన ఆవిరితో పోతుంది. కోకో పొడికి మాత్రం మరుగు తప్పదు, పచ్చిగా ఉంటే పిండి రుచి వస్తుంది, అందుకే దాన్ని ముందు కొంచెం వేడి పాలలో ఉండలు లేకుండా కలిపి తర్వాత గిన్నెలో పోసి ఉడకనివ్వాలి.

డికాక్షన్:

అరకు తోట కాఫి యాస్వాదనము జేయ
చెంబు పాలు పోసి చేదు తగ్గ
శొంఠి దంచి వేసి గిన్నెలో నుంచగా
మంట రేపె నోట మంచుముక్క

గణయతి:

మూడో పాదంలో యతి తప్పింది. శొం కి గి కలవదు, ప్రాసయతి (వాటి పక్క అక్షరాలు కలవడం) అనుకుందామన్నా ఠి కి న్నె కి పొత్తు లేదు. పైగా గిన్నెలో ఉంచితే ఎలా గడ్డకడుతుందండీ, పుల్లఐసు గారికి చెప్పినదే మీకూ.

నిర్వాహకురాలు:

డికాక్షన్ గారూ, మీ ఆలోచన చాలా నచ్చింది, శొంఠి ఎంచుకోవడం ఇంకా నచ్చింది. పచ్చి అల్లం రసం కలిపితే పాలు విరిగే ప్రమాదం ఉంది, పాలలోని ప్రోటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ అల్లంలో ఉంటుంది. శొంఠితో ఆ టెన్షన్ పెద్దగా ఉండదు, పాలతో పాటు ఒక పొంగు రానిస్తే అసలే ఉండదు. మొదటి పాదంలో "ఆస్వాదనము" మాత్రం ఈ పద్యంలో ఇమడలేదు, చుట్టూ చెంబు, శొంఠి, చేదు అంటూ ఇంటి మాటలుండగా అదొక్కటే సభలో మాటలా వినిపిస్తోంది. ఇలా చూడండి:

అరకు తోట కాఫి నమ్మ వడియగట్టి
చెంబు పాలు పోసి చేదు తగ్గ
శొంఠి దంచి వేసి చుట్టు నుప్పును జల్ల
మంట రేపె నోట మంచుముక్క

శొం–చు యతి చెల్లుతుంది, శకారానికి చకారంతో మైత్రి ఉంది, ఒకారానికి ఉకారంతో పొత్తు ఉంది. ఇక "ఉప్పును జల్ల" ఎందుకంటే, ఫ్రీజర్లు లేని రోజుల్లో ఐస్‌క్రీమ్ డబ్బా చుట్టూ దంచిన ఐసు పేర్చి దాని మీద ఉప్పు చల్లేవాళ్ళు. ఉప్పు పడితే ఐసు సున్నా డిగ్రీల కంటే బాగా కింద కరుగుతుంది, సరైన పాళ్ళలో కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది, కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోని పాల నుంచి లాక్కుంటుంది. ఇప్పటి ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, అంటే ఆ కొయ్య బకెట్టు దీనికేం తీసిపోదు. మంచుకి కారణం ఉప్పు, మంటకి కారణం శొంఠి, రెండూ ఒకే పాదంలో వచ్చాయి.

డికాక్షన్:

ధన్యవాదాలండీ. "అమ్మ వడియగట్టి" అన్నాక పద్యంలోకి మనిషి వచ్చింది, అది నాకు తట్టలేదు. ఒక సందేహం, చికోరీ కలిసిన కాఫీపొడి వాడొచ్చా?

శొంఠికాఫీ:

వాడొచ్చు, కాకపోతే చికోరీ చేదు గడ్డకట్టాక కూడా అలాగే నిలబడుతుంది, తీపి మాత్రం తగ్గుతుంది. చల్లటి నాలుకకి తీపి సరిగ్గా తెలియదు. అందుకే వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి "కొంచెం ఎక్కువైంది" అనిపించేంత పంచదార వేస్తేనే గడ్డకట్టాక సరిపోతుంది. డికాక్షన్ ఫిల్టర్‌లో మొదట దిగిన చిక్కటిదే తీసుకోండి, రెండోసారి నీళ్ళు పోసి దించినది వేస్తే నీరు ఎక్కువై పలుకులు కడుతుంది.

మిరపతోట:

తొలుత చలువ తోచె తోడనే తీపాయె
వెనుక కోకొ చేదు వీడకుండె
మింగునపుడు మిర్చి మెలకువ గని లేచె
మంట రేపె నోట మంచుముక్క

నిర్వాహకురాలు:

ఇప్పటిదాకా వచ్చినవాటిలో నన్ను ఆపేసిన పద్యం ఇదే. పై రెండు పూరణలూ ఎలా చేశారో చెప్పాయి, ఇది తింటే ఏమవుతుందో చెప్పింది, అదీ నాలుకకి తెలిసే వరసలోనే చెప్పింది. చలువ, తీపి, చేదు, చివర మంట. మిర్చి వేసిన చాక్లెట్ ఐసు తిన్నవాళ్ళకి ఆ వరస తెలుసు, పెట్టగానే ఏమీ అనిపించదు, "వేశారా అసలు?" అని అడిగేలోపు మొదలవుతుంది. మిర్చిలోని కాప్సైసిన్ తాకేది నోట్లో వేడిని పసిగట్టే నరాలనే, మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేవి అవి. ఐసు ఉన్నంతసేపూ చల్లదనం వాటిని అణచి ఉంచుతుంది, కరిగి నోరు మళ్ళీ వెచ్చబడే కొద్దీ మంట పైకి వస్తుంది. మిరియంలోని పైపరిన్‌దీ అదే దారి. "మెలకువ గని లేచె" అన్న మాట సరిగ్గా దాన్నే పట్టుకుంది.

గణయతి:

పద్యం బావుంది, ఒప్పుకుంటాను. కానీ "మింగునపుడు" లేస్తే మంట గొంతులో కదండీ పుట్టాల్సింది? సమస్యలో "నోట" అని ఉంది.

నిర్వాహకురాలు:

మంచి పట్టు పట్టారు. మిరపతోట గారూ, "మెల్లఁ గరగ మిర్చి మెలకువ గని లేచె" అంటే ఎలా ఉంటుంది? మె–మె యతి కుదిరింది, మంట నోట్లోనే ఉంది, కరుగుతుంటేనే లేచిందన్న అసలు కారణం కూడా వచ్చింది.

మిరపతోట:

అలాగే తీసుకుంటానండీ, నా దానికంటే ఇదే నిజం. మా ఇంట్లో మిర్చిపొడి నేరుగా వెయ్యం. రెండు ఎండుమిరపకాయలు తొడిమ తీసి, చీల్చి, వేడి మీగడలో వేసి పది పదిహేను నిమిషాలు మూతపెట్టి ఉంచి వడకడతాం. కాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకే మీగడ. పొడి వేస్తే గరగరలాడటమే కాక ఒక ముద్దలో చప్పగా, ఇంకో ముద్దలో కళ్ళలో నీళ్ళొచ్చేలా ఉంటుంది. కారం ఎక్కువుండేది గింజల్లో అనుకుంటారు గానీ గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. తక్కువ కారం కావాలంటే దాన్ని గీకేయండి. అసలు చాక్లెట్‌కి మిర్చి కొత్త కాదు, మెక్సికో వైపు పూర్వం ఏలిన అజ్టెక్‌లు తాగిన కోకో పానీయంలో మిరపకాయ పడేది. మనకి మిరప వచ్చింది పోర్చుగీసు వాళ్ళతో, 16వ శతాబ్దంలో. అంతకు ముందు మన కారం ముఖ్యంగా మిరియమే.

నీలిపెన్:

వేరే దారిలో ప్రయత్నించాను, క్రమాలంకారం, అంటే అడిగిన వరసలోనే జవాబులు.

కారమేమి చేసెఁ గాఫిలో? గడ్డైన
పాలు నీరు తుదకుఁ బలుకుమేమి?
అడుగ బదులు చెప్పె నమ్మమ్మ వరుసగా
"మంట రేపె నోట", "మంచుముక్క".

గణయతి:

శభాష్! సమస్యని రెండు ముక్కలు చేసి రెండు ప్రశ్నలకి జవాబులుగా పంచారు, అసలు వైరుధ్యమే లేకుండా పోయింది. కా–గా, పా–బ, అ–అ యతులన్నీ సరే.

నిర్వాహకురాలు:

పనితనం విషయంలో గణయతి గారితో కలుస్తాను. నాకు మాత్రం వైరుధ్యం పోవడమే కొంత లోటుగా అనిపించింది, మంట రేపింది మంచుముక్కే అన్నప్పుడు ఉన్న బలం రెండిటినీ విడదీశాక ఉండదు. రెండో పాదంలో మీరు అడిగిన ప్రశ్న దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పాలూ నీరూ గడ్డకడితే మంచుముక్కే అవుతుంది, ఐస్‌క్రీమ్ కాదు. చాలామంది ఇళ్ళలో జరిగేది అదే, పాలు కాచి, కోకో కలిపి, డబ్బాలో పోసి పెట్టేస్తారు, మర్నాడు చెంచా దిగదు. పాలలో ఉన్న నీరంతా పెద్ద పెద్ద పలుకులుగా కట్టడం వల్ల అలా అవుతుంది. నీటిని తగ్గించాలి, మిగిలిన నీటిని కట్టడి చేయాలి. లీటరు చిక్కటి పాలు సగమయ్యేదాకా కాచితే ఆ నీరు చాలావరకు పోతుంది. ఒకటిన్నర చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో కలిపి పోస్తే ఇంకొంత పట్టుకుంటుంది. పంచదార వల్ల గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగుతుంది, అందుకే తీపి మరీ తగ్గించి చేసింది రాయిలా ఉంటుంది. పెట్టిన గంటకోసారి తీసి, అంచుల నుంచి గీకి, గట్టిగా గిలక్కొట్టి మళ్ళీ పెడితే పలుకులు చిన్నవిగానే ఉండిపోతాయి. ఇలా రెండు మూడు సార్లు చేసే ఓపిక ఉంటే మెషీన్ లేకపోయినా మెత్తగా వస్తుంది.

శొంఠికాఫీ:

పలుకులే కావాలనుకునేవాళ్ళూ ఉంటారండీ. సిసిలీలో కాఫీ గ్రానీటా అంతా పలుకులే, పాలు లేకుండా తీపి కాఫీని గడ్డకట్టిస్తూ మధ్యమధ్య ఫోర్కుతో గీకుతారు. దానికి యాలకులు వేసి చూడండి, బావుంటుంది. మిర్చి మాత్రం అందులో వద్దు, కొవ్వు లేక మంట అతుక్కుని కూర్చుంటుంది.

కోనసీమ_కొబ్బరి:

అరకు కాఫి గింజ లా కొండ మిరియాలు
కోనసీమ పంట కోకొ పొడియు
మనవె యన్ని కలిపి మట్టికుండను గూర్చ
మంట రేపె నోట మంచుముక్క

నిర్వాహకురాలు:

ఈ పద్యం చదివి సంతోషం వేసింది, ఎందుకంటే ఇందులో ఉన్నదంతా నిజం. అరకులో కాఫీ మొక్కలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికే మిరియాల తీగలు పాకిస్తారు, "ఆ కొండ మిరియాలు" అన్న మాట అలంకారం కోసం వచ్చింది కాదు. అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కోకో దేశంలో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే, కొబ్బరి తోటల్లోనూ పామాయిల్ తోటల్లోనూ అంతరపంటగా. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు ఇంకా ఎక్కువ, కానీ పద్యంలో కోనసీమ ఇమిడినంత హాయిగా అవి ఇమడవు.

గణయతి:

గడ్డకట్టిన సంగతి ఇక్కడా లేదు కదా అని అడుగుతారేమో, నేనే జవాబిస్తాను. మట్టికుండ అనగానే కుల్ఫీ అని అర్థమవుతుంది, వేరే చెప్పక్కర్లేదు. పుల్లఐసు గారి పద్యంలో ఆ గుర్తు కూడా లేదు, తేడా అదే.

పుల్లఐసు:

కోనసీమ గారూ, మీ తోటలో కోకో ఉంటే గింజలు నేరుగా వాడేస్తారా?

కోనసీమ_కొబ్బరి:

లేదండీ. కాయ కొట్టి తీసిన గింజలకి తెల్లటి తియ్యటి గుజ్జు ఉంటుంది, ఆ గుజ్జుతోనే ఐదారు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండబెట్టాలి. పులియకపోతే ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. ఎండిన గింజలు మూకుట్లో సన్నసెగ మీద వేయించి, పొట్టు తీసి, నూరితే ముద్దవుతుంది. ఆ ముద్దే పాలలో కరిగిస్తాను. ఒక్కటి చూసుకోవాలి, చాక్లెట్ కరిగించేటప్పుడు గిన్నెలో రెండు చుక్కల నీళ్ళు పడినా గరుకు ముద్దయిపోతుంది. అప్పుడు పారెయ్యకండి, వేడి పాలు మరికొన్ని పోసి కలిపితే మళ్ళీ జారుగా వస్తుంది. ఐసుకి ఎలాగూ పాలు పోస్తాం కదా.

నిర్వాహకురాలు:

ఈ వారం నా ఓటు మిరపతోట గారి పద్యానికి, మూడో పాదం సవరణతో. కోనసీమ గారిది దాని వెంటే ఉంది, డికాక్షన్ గారు మొదటి పాదాన్నీ మూడో పాదాన్నీ సవరించుకుంటే వారిదీ నిలుస్తుంది. దాల్చినచెక్కతో ఎవరూ రాయలేదెందుకో, చాక్లెట్‌కి అంతగా కలిసే దినుసు ఇంకోటి లేదు. ఎవరైనా రాస్తే ఆలస్యమైనా చూస్తాను. వాడేవాళ్ళు చెక్కగానే వేసి తీసెయ్యండి, పొడి వేస్తే జిగురొస్తుంది.

వచ్చే వారానికి తేటగీతి పాదం:

చల్లనైనట్టి కాఫీయె చలిని బాపె

ఈసారి వస్తువు మీ ఇష్టం.