శనివారం చైనా ప్రసంగం: హాలు పోయింది, వెంటనే చూడండి

పద్మ: హాల్ వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. ఫ్లయర్ చూసి, ఇది రాజకీయ సభ, మీరు బుక్ చేసింది సాంస్కృతిక కార్యక్రమానికి అంటున్నారు. ఇవ్వరట. సమోసాలు, బ్యానర్, శాలువా పనులు కాస్త ఆపండి.

శ్రీను: "చైనాతో పోరులో నెగ్గేదెవరు?" అని అంతేసి అక్షరాలతో వేస్తే ఇంకేమనుకుంటారు?

కిరణ్: అన్నా, ఫ్లయర్ వారం నుంచి గ్రూపులోనే ఉంది. దానికి బొటనవేలు పెట్టింది మీరే.

శ్రీను: నీ కష్టానికి పెట్టాను, హెడ్డింగుకి కాదు.

రావుగారు: మీ గొడవ తర్వాత. వక్తగారు మాట్లాడేది అమెరికా, చైనాల సైన్స్ ఒప్పందం గురించి కదా. 1979 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్, చైనా నేత డెంగ్ షియావోపింగ్ సంతకాలు చేసింది. 2024 డిసెంబరులో ఐదేళ్లు పొడిగించారు గానీ, మౌలిక పరిశోధన వరకే. చైనా మీద అమెరికా పెట్టిన 2022 అక్టోబరు చిప్ ఆంక్షలైతే నేరుగా మన మెడకే చుట్టుకున్నాయి. చైనా ఫ్యాబుల్లో, అంటే చిప్ ఫ్యాక్టరీల్లో, అడ్వాన్స్‌డ్ చిప్‌ల తయారీకి మనవాళ్లు లైసెన్స్ లేకుండా సాయపడకూడదు, సిటిజెన్ అయినా గ్రీన్‌కార్డు అయినా. ఇది రాజకీయమెలా అవుతుందో మేనేజర్‌ని అడగమ్మా.

పద్మ: అడిగాను బాబాయ్‌గారూ. సగంలోనే ఇన్సూరెన్స్ కాగితం ఏదీ అంది. అదీ లేదు మన దగ్గర.

కిరణ్: హెడ్డింగ్ మార్చాను. "చైనా, టెక్నాలజీ, మన ఉద్యోగాలు". తిట్టడం అయ్యాక చూడండి.

శ్రీను: ఇది బాగుంది. హాలేదీ మరి?

లక్ష్మి: ఫ్రీమాంట్‌లో మా పాప కూచిపూడి క్లాసు స్టూడియో శనివారం మూడు తర్వాత ఖాళీ. టీచర్‌గారు సరేనన్నారు. చెప్పులు బయటే. చెక్క నేల కాబట్టి లోపల తిండి, టీ వద్దన్నారు. కింద కూర్చుంటే అరవై మంది పడతారు.

శ్రీను: వక్తగారికి డెబ్బై దాటాయి, కింద కూర్చోలేరు. మా చేతుల కుర్చీ తెస్తాను. పెద్దవాళ్లకి మడత కుర్చీలు కావాలి. కిరణూ, వ్యాన్ పట్టుకురా.

కిరణ్: తెస్తా అన్నా. సమోసాల ఆర్డర్?

పద్మ: ఆపేశాను. ఫ్లాస్కుల్లో టీ తెచ్చి పార్కింగ్‌లో డిక్కీ తీసి పోద్దాం. ప్రశ్నలు మాత్రం చీటీల మీద రాయించండి. మైకిస్తే మనవాళ్లు కంపెనీ సంగతులన్నీ చెప్పేస్తారు.

రావుగారు: ప్రొజెక్టర్ ఎక్కడ వేస్తారు? అక్కడ గోడలన్నీ అద్దాలే.

లక్ష్మి: దుప్పటి కడదాం అంకుల్. తెల్లది ఎవరైనా తేండి. మా ఇంట్లో అన్నీ పువ్వులవే, గ్రాఫులు కనబడవు.