గ్రీన్ కార్డు ఉన్నావిడ లైసెన్సు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కార్డు ఇచ్చారు. గ్రీన్ కార్డు కాపీ కూడా అడగొచ్చా? (ఐ-9: అమెరికాలో కొత్త ఉద్యోగి పని హక్కు చూసే ఫారం)

కొత్త హెచ్ఆర్:
నమస్తే అండీ. డల్లాస్ దగ్గర 40 మంది ఉన్న స్టాఫింగ్ కంపెనీ, ఈ-వెరిఫైలో (పని హక్కును ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిచూసే పద్ధతి) ఉన్నాం. ఒకావిడ సోమవారం చేరారు. ఐ-9 సెక్షన్ 1లో పర్మనెంట్ రెసిడెంట్ అని టిక్ పెట్టి ఏ-నంబర్ (వలసదారులకిచ్చే గుర్తింపు సంఖ్య) రాశారు. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు, ఎస్ఎస్ఎన్ కార్డు తెచ్చారు. "గ్రీన్ కార్డు కాపీ లేకపోతే ఫైలు కదలదు" అంటున్నారు మా ఓనరు గారు. అడగొచ్చా?

ఫైల్ గుమాస్తా:
అడగకూడదు. లిస్ట్ ఏ (గుర్తింపు, పని హక్కు రెండూ చూపేవి) నుంచి ఒకటి, లేదా బి (గుర్తింపు) నుంచి ఒకటి, సి (పని హక్కు) నుంచి ఒకటి. ఏది ఇవ్వాలన్నది ఉద్యోగి ఇష్టం. లైసెన్సు బి, ఎస్ఎస్ఎన్ కార్డు సి, లెక్క సరిపోయింది. పైన ఇంకోటి కావాలన్నా, ఫలానాదే తెమ్మన్నా అది వివక్ష కింద వస్తుంది. ఆ ఫిర్యాదులు చూడటానికి న్యాయశాఖలో ఐఈఆర్ అని ఒక విభాగమే ఉంది.

పేరోల్ బాబాయ్:
పుస్తకంలో అలాగే ఉంటుంది. ఐస్ (వలస చట్టాలు అమలుచేసే సంస్థ) వాళ్లు నోటీసు ఇచ్చి 3 పనిదినాల్లో ఐ-9లన్నీ బల్ల మీద పెట్టమంటే అప్పుడు ఈ గుమాస్తా గారు వస్తారా? ఒక్కో ఫారంలో తప్పుకి వందల నుంచి రెండు వేలు దాటే డాలర్ల దాకా ఫైను. లైసెన్సు ఇస్తే ఈ-వెరిఫైలో ఫొటో పోల్చి చూసేది కూడా రాదు. అది పాస్‌పోర్టుకీ, గ్రీన్ కార్డుకీ, ఈఏడీకే (విడిగా ఇచ్చే పని అనుమతి కార్డు) వస్తుంది. కార్డు చూడకుండా గ్రీన్ కార్డు ఉందని ఎలా నమ్ముతాం?

ఫైల్ గుమాస్తా:
నమ్మాల్సింది మీరు కాదు. సెక్షన్ 1లోని ఏ-నంబర్ ఈ-వెరిఫైకి వెళ్తుంది, చూసుకునేది వాళ్లు. పత్రం చూడ్డానికి అసలుదిలా ఉందా, ఈ మనిషిదేనా, ఇంతవరకే మీ పని. పత్రాల విషయంలో ఈ-వెరిఫై కంపెనీకి అదనంగా ఉన్న షరతు ఒకటే, లిస్ట్ బి పత్రం మీద ఫొటో ఉండాలి. లైసెన్సు మీద ఉంది.

లెక్కల మాస్టారు:
సోమవారం చేరితే సెక్షన్ 2 (పత్రాలు చూసి కంపెనీ నింపేది) గడువు బుధవారం. ఇవాళ బుధవారమే.

ఫైల్ గుమాస్తా:
గురువారం. చేరిన రోజు లెక్కలోకి రాదు, ఆ తర్వాత 3 పనిదినాలు.

లెక్కల మాస్టారు:
3 రోజులంటే సోమ, మంగళ, బుధ. నేను లెక్క తప్పను.

వంటింటి నుంచి హెచ్-4:
గ్రీన్ కార్డుల మీద ఇంత గొడవా! మా హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలు) సంగతి చూడండి. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్ పెట్టినవాళ్లకి ఈఏడీ గడువు దానంతటదే పెరిగే పద్ధతి తీసేశారు. కార్డు గడువు రోజున కొత్త కార్డు చేతిలో లేకపోతే ఇంటికే. ఎల్-2 (ఎల్-1 వీసా వాళ్ల భార్యాభర్తలు) వాళ్లకి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మీద 'ఎస్' అక్షరం ఉంటే ఈఏడీయే అక్కర్లేదు. మాకెందుకు లేదు?

పేరోల్ బాబాయ్:
చూశారా, నేననేదీ అదే! గడువులు ఇలా మీద పడుతుంటే కార్డు మీద తేదీ తెలియకుండా మనిషిని ప్రాజెక్టులో ఎలా పెడతాం?

ఫైల్ గుమాస్తా:
రెండూ కలిపేశారు. ఈఏడీ గడువు అయితే సప్లిమెంట్ బి (ఐ-9 అదనపు పేజీ) నింపి మళ్లీ చూడాలి, నిజమే. పర్మనెంట్ రెసిడెంట్ చూపిన గ్రీన్ కార్డు గడువు తర్వాత అయిపోయినా మళ్లీ చూపించమని అడగకూడదు. కార్డు ముగుస్తుంది గానీ పని హక్కు ముగియదు. ఆవిడ కార్డు తేదీతో మీకేం పని?

మౌనంగా చదివేవాడు:
ఇంతసేపూ ఎవరూ అడగలేదు. ఆ ఎస్ఎస్ఎన్ కార్డు మీద పేరు, నంబరు కాక ఇంకేమైనా రాసుందా?

కొత్త హెచ్ఆర్:
ఇప్పుడే చూశాను. డీహెచ్ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. హెచ్-1బి రోజుల్లో తీసుకున్న కార్డట.

పేరోల్ బాబాయ్:
అయిపోయింది. గ్రీన్ కార్డు తేవాల్సిందే. పొద్దుట్నుంచీ చెప్తున్నా.

ఫైల్ గుమాస్తా:
ఆ వాక్యం ఉంటే అది లిస్ట్ సి పత్రం కాదు. కార్డు చూడకుండా సరిపోయిందన్నది నా తప్పే. మనవాళ్లలో గ్రీన్ కార్డు వచ్చాక పాత ఎస్ఎస్ఎన్ కార్డు మార్చుకోనివాళ్లు బోలెడుమంది. కానీ గ్రీన్ కార్డు తెమ్మని మాత్రం అనకండి. "ఈ కార్డు ఐ-9కి చెల్లదు, జాబితాలోంచి మీకు నచ్చిన మరో పత్రం చూపండి" అని ఫారంతో వచ్చే ఆ జాబితా పేజీ చేతికివ్వండి. ఆవిడ ఎస్ఎస్ఏ (సోషల్ సెక్యూరిటీ) ఆఫీసుకెళ్లి ఆ రాత లేని కార్డుకి పెట్టుకోవచ్చు కూడా. అయితే ఆ దరఖాస్తు రసీదు 90 రోజుల నియమం (రసీదు చూపి 90 రోజుల్లో అసలు పత్రం తెచ్చే వెసులుబాటు) కిందికి రాదు. అది పోయిన, దొంగిలించిన, పాడైన పత్రాలకే. గడువులోగా చెల్లే పత్రం ఏదీ చూపలేకపోతే పని ఆపొచ్చు. గడువు దాటాక వెనక తేదీ మాత్రం వేయకండి. ఆ రోజు తేదీయే వేసి, ఆలస్యం ఎందుకైందో ఒక కాగితం మీద రాసి జత చేయండి.

పేరోల్ బాబాయ్:
పేరు పెట్టి అడిగితే నేరం, జాబితా ఇచ్చి చూస్తూ కూర్చుంటే ధర్మం. చివరికి ఆవిడ పర్సులో ఉన్నది గ్రీన్ కార్డే కదా! చిన్న కంపెనీల మెడకు తగిలించడానికే ఈ మాటల గారడీ. మీలాంటి సలహాదార్లకు ఏం, నష్టం మాది.

ఫైల్ గుమాస్తా:
కోపం ఎందుకండీ. ఐ-9కి అక్కర్లేని కాపీ మీకు ఎందుకంత కావాలి? సూటిగా చెప్పండి.

పేరోల్ బాబాయ్:
వెండర్ (మన మనిషిని క్లయింటుకి చేర్చే మధ్య కంపెనీ) అడుగుతాడు కాబట్టి! ప్రొఫైల్ పంపేటప్పుడే వీసా కాపీ, లైసెన్సు కాపీ అంటాడు. పంపకపోతే పక్క కంపెనీ పంపుతుంది. ప్రాజెక్టు వాడికి పోతుంది.

కొత్త హెచ్ఆర్:
మా ఓనరు గారి బాధా అదే అనుకుంటా. పొద్దున ఐ-9 అన్నారు, ఇందాక "ప్రైమ్ వెండర్ అడుగుతున్నాడు" అన్నారు.

ఫైల్ గుమాస్తా:
అలా చెప్పండి మరి. ఐ-9 నింపాల్సింది జీతం ఇచ్చి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను కాగితం) ఇచ్చే కంపెనీ. వెండర్ కాదు. పని హక్కు లేదని తెలిసీ కాంట్రాక్టు మీద మనిషిని వాడుకోవడం తప్పే కాబట్టి వాళ్లకూ భయం ఉంటుంది. దానికి మందు, "ఐ-9 పూర్తయింది, ఈ-వెరిఫైలో ఎంప్లాయ్‌మెంట్ ఆథరైజ్డ్ వచ్చింది" అని మీ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ. అందరికీ ఒకే లేఖ ఇవ్వండి. తెలుగు పేరున్న వాళ్లకే వీసా కాపీ అడిగే వెండర్‌కి ఆ లేఖ ఇచ్చే ధైర్యం మీకు లేదు, గొడవ అక్కడుంది.

పేరోల్ బాబాయ్:
ధైర్యం ఉంది. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చుంటే జీతం ఎవరిస్తారన్నదానికి జవాబు లేదు.

మౌనంగా చదివేవాడు:
దానికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

కొత్త హెచ్ఆర్:
జాబితా పేజీ ఇచ్చాను. రేపు ఆవిడే గ్రీన్ కార్డు తెస్తానన్నారు. అప్పుడు సెక్షన్ 2లో లిస్ట్ ఏ గడి ఒక్కటే నింపాలా?

ఫైల్ గుమాస్తా:
అవును, బి, సి గడులు ఖాళీగా వదలండి. ఈ-వెరిఫైలో ఫొటో వస్తుంది, దాన్ని కార్డు మీది ఫొటోతోనే పోల్చండి, మనిషి ముఖంతో కాదు. గ్రీన్ కార్డు చూపితే ఈ-వెరిఫై నియమం ప్రకారం కాపీ ఉంచాలి, రెండువైపులా తీసి ఐ-9తోనే ఉంచండి. వెండర్‌కి పంపే ఫోల్డర్‌లో పడేయకండి.

లెక్కల మాస్టారు:
రేపంటే గురువారం. గడువు దాటినట్టే.

ఫైల్ గుమాస్తా:
దాటలేదు మాస్టారూ.