ఒకే వాన, ఒకే విత్తనం: పై చేనులో ఎకరాకు 2 క్వింటాళ్లు, కింది చేనులో 6. తేడా ఎక్కడొచ్చింది?

గరపచేను:
అన్నలకు నమస్కారం. కల్యాణదుర్గం దగ్గర ఎర్ర నేలలో వర్షాధార చెనిక్కాయ (వేరుశనగ). రెండు చేండ్లు, మధ్యలో గట్టు ఒక్కటే అడ్డం. రెండింట్లోనూ ఒకే మూటల్లోని కె-6 (కదిరి-6) రకం విత్తనం.

పై చేను 4 ఎకరాలు. గరప (గరుసు రాళ్ల) నేల, 25 సెం.మీ. తవ్వితే రాయి తగులుతుంది. జూన్ 18న మొదటి పదునుకే (విత్తడానికి చాలినంత తడి రాగానే) విత్తినాం, ఎకరాకు 45 కిలోల పప్పు (ఒలిచిన విత్తన గింజ).

కింది చేను 3 ఎకరాలు. మట్టి 60 సెం.మీ. దాకా ఉంది. జులై 14న విత్తినాం, ఎకరాకు 60 కిలోలు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మొత్తం 420 మి.మీ. వాన. ఆగస్టు 5 నుంచి 30 వరకు చుక్క పడలేదు. ఒక్క సెప్టెంబరులోనే 150 మి.మీ. పడింది. రెండు చేండ్లకూ ఎకరాకు ఒక బస్తా డీఏపీ దుక్కిలో వేసినాం. జిప్సం వేయలేదు.

పై చేనులో చెట్లు పలుచన, కాయల్లో సగం తాలు, ఒంటి గింజ ఎక్కువ. పెరికేటప్పుడు కొన్ని కాయలు భూమిలోనే మొలకెత్తి ఉన్నాయి. ఇది నేల లోపమా, విత్తిన తేదీ లోపమా, ఎరువుదా? ఈసారి అదును ఆగస్టు దాకా జారితే పై చేనులో ఏం వేయాలి?

మెట్టసాలు:
మొత్తం వాన లెక్క పక్కన పెట్టు అన్నా. అనంతపురం సగటు ఏడాదికి 550 మి.మీ. చిల్లర. 420 పడిన సీజన్లో కూడా మంచి పంట వస్తుంది, 600 పడినా పోతుంది. చూడాల్సింది రెండే: వానకూ వానకూ మధ్య ఎన్ని రోజులు నీ నేల చెట్టును నిలబెట్టగలదు, ఆ ఎడం చెట్టు ఏ వయసులో ఉన్నప్పుడు వచ్చింది.

ముందు నేల. ఎర్ర గరుసు నేల 10 సెం.మీ. మందానికి చెట్టుకు అందే నీరు సుమారు 9-10 మి.మీ. పట్టుకుంటుంది. పై చేనులో 25 సెం.మీ. మట్టి, అందులో మూడో వంతు గరప రాళ్లే అనుకుంటే నిల్వ సుమారు 15-16 మి.మీ. మాత్రమే. పూతకొచ్చిన చేను రోజుకు 4 మి.మీ. తాగుతుంది, అంటే నాలుగు రోజులకు తొట్టి ఖాళీ. కింది చేనులో 60 సెం.మీ.కు 55-60 మి.మీ. నిలుస్తుంది, పదిహేను రోజుల బలం. ఒక్కసారే 50 మి.మీ. వాన కొట్టినా పై చేను తనకు పట్టినంత తాగి మిగిలింది వంకకు వదిలేస్తుంది. గట్టు ఒక్కటే అడ్డమైనా రెండు చేండ్లకూ నిజంగా అందిన వాన ఒకటి కాదు.

ఇక వయసు. ఆగస్టు 5 నాటికి పై చేను పైరుకు 48 రోజులు, ఆగస్టు 30 నాటికి 73. ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయగా మారే కాడలు) దిగి కాయ పట్టి గింజ ఊరే కాలమంతా బెట్టలోనే (వాన లేని ఎడంలోనే) గడిచింది. పైమట్టి ఎండి గట్టిపడితే ఊడ దిగదు. దిగిన ఊడ కూడా కాయగా మారకుండా వాడిపోతుంది. ఒంటి గింజ, తాలు అక్కడివే. అదే బెట్ట కింది చేనుకు 22వ రోజు నుంచి 47వ రోజు వరకు తగిలింది. కొమ్మలు వేసి పూత మొదలయ్యే దశ అది. చెనిక్కాయ ఆ వయసులో ఎండను బాగా ఓర్చుకుంటుంది, వేరు లోతుకు పోతుంది, వాన పడగానే పూత ఒక్కసారిగా వచ్చి కాయ సమానంగా పడుతుంది. ఆ పూతకు, ఊడకు సెప్టెంబరు వాన సరిగ్గా అందింది.

ఆ వానే పై చేనుకు కీడు చేసింది. సెప్టెంబరు నెలాఖరుకు దానికి 104 రోజులు, కోతకొచ్చిన పంట. కె-6 లాంటి గుత్తి రకాలకు (పక్కలకు పాకని రకాలకు) నిద్రావస్థ ఉండదు. పండిన కాయకు తడి తగిలితే భూమిలోనే మొలకెత్తుతుంది. అనంతపురంలో సెప్టెంబరే ఎక్కువ వానపడే నెల కాబట్టి జూన్‌లో విత్తిన చేనుకు ఈ ప్రమాదం ఏటా ఉంటుంది.

జులై మొదటి వారం నుంచి నెలాఖరు లోపు, 20-25 మి.మీ. వాన ఒక్కసారి పడి మట్టి జానెడు లోతు తడిసినప్పుడు విత్తడం ఇక్కడ నిలకడైన లెక్క. జూన్ పదును దుక్కికి వాడుకోండి.

కదిరి_గొర్రు:
మెట్టసాలు అన్న చెప్పిన తేదీ లెక్క సరైనదే. కానీ పై చేనులో మూడో వంతు పంట విత్తిన రోజే పోయింది, దాన్ని బెట్ట మీదకు తోయకూడదు.

సాలుకూ సాలుకూ 30 సెం.మీ., చెట్టుకూ చెట్టుకూ 10 సెం.మీ. అయితే ఎకరాకు 1,35,000 చెట్లు ఉండాలి. 100 గింజలు 40 గ్రాములు తూగితే 45 కిలోల్లో వచ్చేది 1,12,500 గింజలు. నూటికి 80 మొలిస్తే 90,000 చెట్లు. గుత్తి రకం పక్కలకు పాకదు, ఖాళీని పూడ్చుకోలేదు. ఖాళీ ఉన్నచోట ఎండ నేరుగా నేలకు తగిలి తేమ ఇంకా త్వరగా పోతుంది. 60 కిలోల్లో 1,50,000 గింజలున్నాయి, నూటికి 85 మొలిచినా 1,27,000 చెట్లు. ఖర్చుకు భయపడి విత్తనం తగ్గించవద్దు, ముఖ్యంగా పలుచని నేలలో.

ఈ ఏడు ఇలా లెక్కపెట్టండి. విత్తిన 15వ రోజున సాలు వెంట 3.3 మీటర్ల తాడు పరిస్తే అది ఒక చదరపు మీటరు. అందులో 33 చెట్లు ఉండాలి. చేనులో పది చోట్ల చూడండి. 25 కంటే తక్కువ వస్తే విత్తడంలో లోపం ఉంది.

ఎక్కువగా తప్పేది లోతు. గింజ 5 సెం.మీ. లోతులో తడి మట్టిని తాకాలి. గొర్రు (విత్తే పనిముట్టు) పళ్లు సమానంగా లేకపోతే ఒక సాలు 3 సెం.మీ.లో, పక్క సాలు 8 సెం.మీ.లో పడుతుంది. పైన పడ్డది ఎండకు మాడుతుంది, లోతున పడ్డది సన్నగా సాగి మొదలుకుళ్లుకు దొరుకుతుంది. మొక్క మొదలు దగ్గర నల్లని బూజు పొడి కనిపిస్తే అదే. ట్రాక్టరు గొర్రు అయితే మొదటి రెండు సాళ్లకే దిగి, వేలితో తవ్వి ప్రతి పల్లూ చూసుకోవాలి.

కుళ్లు తెగులుకు కిలో విత్తనానికి మాంకోజెబ్ 3 గ్రాములు లేదా టెబ్యుకొనజోల్ 2 శాతం పొడి 1 గ్రాము పట్టించండి. తామర పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ కిలోకు 2 మి.లీ. పట్టించి నీడన ఆరనివ్వండి. గట్టిగా రుద్దితే పొట్టు ఊడుతుంది, పొట్టు ఊడిన గింజ మొలవదు.

విత్తిన రెండు మూడు రోజుల్లో జడివాన కొట్టి ఎండ కాస్తే ఎర్ర నేల పైన పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చలేదు. ముళ్లకంప మీద తేలికపాటి బరువు పెట్టి అడ్డంగా లాగితే పెచ్చు పగులుతుంది. గుంటక (కలుపు కోసే అడ్డ బ్లేడు పనిముట్టు) వేస్తే మొలకలే తెగిపోతాయి.

పదును:
ఎరువు గురించి. డీఏపీ బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు ఉంటాయి. పొటాష్ లేదు, గంధకం లేదు, సున్నం లేదు. చెనిక్కాయకు కావాల్సిన మూడూ అందులో లేవు. వర్షాధారానికి ఎకరాకు యూరియా 18 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33 కిలోలు ఆఖరి దుక్కిలో వేస్తే నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు అందుతాయి. సూపర్‌తో సున్నం, గంధకం కూడా వస్తాయి.

జిప్సం వేయకపోవడం రెండు చేండ్లలోనూ తప్పే. కాయకు కావాల్సిన సున్నం వేరు నుంచి పైకి పోయి ఆకుకు చేరుతుందే గానీ మళ్లీ కిందికి దిగి కాయకు రాదు. కాయ తన పొట్టు గుండా చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకోవాలి. అందుకే జిప్సం కాయ పట్టే చోట, పైన 5 సెం.మీ. మట్టిలో ఉండాలి. ఎకరాకు 200 కిలోలు, పూత ముమ్మరమై ఊడలు మొదలయ్యేటప్పుడు, అంటే 30 నుంచి 45 రోజుల మధ్య, సాలు పక్కనే చల్లి కలుపుతో పాటు మట్టి ఎగదోయాలి. నేలలో తడి ఉన్నప్పుడే వేయండి, పొడి మట్టిలో అది కరగదు. బెట్ట వచ్చిన ఏడు తాలు ఎక్కువవడానికి ఇదొక కారణం: మట్టిలో సున్నం ఉన్నా తడి లేక కాయకు చేరదు.

కలుపు 45 రోజుల లోపే అయిపోవాలి. 20వ రోజుకు ఒక గుంటక, 35వ రోజుకు ఇంకొకటి. ఊడ దిగాక గుంటక వేస్తే ఊడలు తెగుతాయి, ఆ తర్వాత కనిపించిన కలుపు చేత్తో పీకడమే. బెట్టలో గుంటక వేస్తే పైమట్టి పొడి దుప్పటిలా కప్పుకుని కింది తేమ నిలుస్తుంది కూడా.

బెట్ట మధ్యలో ఆకు ముడుచుకున్నప్పుడు యూరియా పిచికారీ చేసేవాళ్లు ఉన్నారు. వృథా. వాన పడి చెట్టు తేరుకున్న రెండు మూడు రోజులకు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి కొట్టండి, అప్పుడు పని చేస్తుంది.

గట్ల మీద వయ్యారిభామ కలుపు ఉంటే పూతకు రాకముందే పీకేయండి. 2000లో అనంతపురం చేండ్లను ఊడ్చేసిన కాండం కుళ్లు వైరస్‌కు అదే నిలయం. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొస్తాయి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ అదే రోజు విత్తితే అడ్డుకట్ట అవుతుంది. ఈ తెగులు చెనిక్కాయ చెట్టు నుంచి చెట్టుకు పెద్దగా పాకదు కాబట్టి, సోకిన చెట్లు పీకే కూలి వయ్యారిభామ మీద పెట్టండి.

ఉలవకట్టె:
పై చేనులో చెనిక్కాయ ఒక్కటే వేయడం ఆపండి, ఇది నా గట్టి మాట. 25 సెం.మీ. గరపలో ఆ పంట ఏటా జూదమే. వేయాలనుకుంటే 11 సాళ్లు చెనిక్కాయ, 1 సాలు కంది. పన్నెండు సాళ్లకు 3.6 మీటర్లు పడుతుంది. కంది వేరు గరప సందుల్లోకి దిగుతుంది, చెనిక్కాయ పెరికాక అక్టోబరు, నవంబరు వానలు దానికి దక్కుతాయి. పి.ఆర్.జి-176 లాంటి తక్కువ కాలపు కంది అయితే పలుచని నేలకు నప్పుతుంది.

అదును జారితే ఇలా చూడండి. జులై దాటి ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే చెనిక్కాయ ఆలోచన వదిలేయండి, కాయ ఊరే సమయానికి వానలు వెనక్కి పోతాయి. ఆగస్టు మధ్య వరకు కొర్ర: సూర్యనంది రకం 75-80 రోజుల్లో చేతికొస్తుంది, ఎకరాకు 2 కిలోల విత్తనం ఇసుకతో కలిపి పైపైన 2-3 సెం.మీ. లోతులో విత్తాలి. ఆముదం కూడా అప్పటివరకే, 90 సెం.మీ. సాళ్లలో. ఆగస్టు రెండో పక్షం నుంచి సెప్టెంబరు దాకా ఉలవ, ఎకరాకు 8-10 కిలోలు. గరపలో ఉలవను మించింది లేదు, కట్టె పశువులకు మేత.

నేల లోతు పెంచలేం గానీ నీటిని పట్టే గుణం పెంచవచ్చు. ఎకరా మీద 1 సెం.మీ. పొర చెరువు మట్టి పరచాలంటే 40 ఘనపు మీటర్లు, ట్రాలీకి 3 చొప్పున 13-14 ట్రాలీలు. మట్టిని ముందు తడిపి ఉండ చేసి చూడండి. ఉండ నిలవకపోతే అది ఇసుక, డబ్బు దండగ. వేసవిలో తోలి మొదటి వానకే దున్ని కలిపేయాలి.

గరపచేను:
అందరికీ ధన్యవాదాలు. 11:1 వేస్తే కంది సాలు పక్కన నీటి చాలు (వాన నీరు నిలిచే గాడి) తీయాలని విన్నాను. ఎప్పుడు, ఎటువైపు? సేద్యపు కుంట ఉంటే పై చేనుకు ఒక తడి సరిపోతుందా?

మెట్టసాలు:
చాలు 25-30 రోజులకు, రెండో గుంటక ముందు, నాగలితో తీయండి. 3.6 మీటర్లకు ఒకటి, కంది సాలును ఆనుకుని. వాలుకు అడ్డంగానే ఉండాలి. వాలు వెంట తీస్తే అది కాలువై ఉన్న మట్టినీ ఈడ్చుకుపోతుంది. కంటి అంచనా నమ్మవద్దు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో 20 మీటర్లకొకసారి మట్టం చూసి సున్నపు గీత గీసుకుని, విత్తేటప్పుడే గొర్రును ఆ గీత వెంట తోలండి. విత్తడం వాలు వెంట చేసి చాలు అడ్డంగా తీస్తే సాళ్లన్నీ తెగుతాయి.

కుంట లెక్క: ఎకరాకు 20 మి.మీ. తడి అంటే 81 ఘనపు మీటర్లు. పైన 10×10 మీటర్లు, లోతు 2.5, అంచులు ఒకటికి ఒకటి వాలుతో తవ్విన కుంటలో సుమారు 145 పడుతుంది. ఎకరాన్నరకు ఒక్క తడి. మీ 4 ఎకరాలకు చాలదు, మంచి మట్టి ఉన్న ఎకరాన్నర ఎంచుకుని 60-70 రోజుల మధ్య స్ప్రింక్లర్లతో ఇవ్వండి. ఎర్ర నేల కుంటలో నీరు ఇంకిపోతుంది, అడుగుకూ అంచులకూ 6 పాళ్ల జల్లెడ మట్టికి 1 పాలు సిమెంటు కలిపి 5 సెం.మీ. మందం పూత వేస్తేనే బెట్ట దాకా నిలుస్తుంది. మీ 15 మి.మీ. తొట్టి నేలలో 20 మి.మీ. ఒకేసారి ఇస్తే అయిదు కిందికి పోతుంది, కాబట్టి 10 చొప్పున మూడు నాలుగు రోజుల ఎడంతో రెండుసార్లు ఇవ్వండి.