బాప్తిస్మానికి ముందే మారిన బ్రతుకును చూడాలా?

హన్మకొండ సభ్యుడు:
అందరికీ వందనాలు. దేవుడు తనను పిలిచాడని మా సంఘంలో సాక్ష్యమిచ్చిన ఒక యువకునికి బాప్తిస్మం ఇవ్వడానికి పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. తాగుడు మానినట్టు ఏడాదిపాటు కనబడాలన్నది వారి షరతు. కృపయే మనిషిని మారుస్తుందని నమ్మే మనం ఆ మార్పును ముందే అడగవచ్చునా?

జనగామ సభ్యుడు:
పెద్దలు చెప్పినదే సరి. మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించుమని బాప్తిస్మమిచ్చు యోహానే అడిగాడు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించాడు, కానీ ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటి కోసం వచ్చినవారెవరో, పిలుపు విని వచ్చినవారెవరో తెలియాలి గదా.

కాజీపేట సభ్యురాలు:
అన్నా, ఆ చరిత్రలో మిగతా సగం కూడా చెప్పుకోవాలి. 1878 జూలై 3న, ఒక్కరోజులోనే, గుండ్లకమ్మ నది ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. క్లౌ భయమంతా తన చేతిలోని సహాయం ఎరగా మారుతుందేమోనని; అందుకే ఆ ఎర లేని రోజు కోసం ఆగాడు. వచ్చినవారి విశ్వాసాన్ని విచారించారు గాని, ప్రతి ఒక్కరి నడవడినీ ఏడాదిపాటు తూచలేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయం చూడండి. విశ్వాసులను బంధించడానికి దమస్కుకు బయలుదేరిన సౌలును (తరువాతి పౌలును) గురించి ఆ ఊరి శిష్యుడు అననీయ ప్రభువుతోనే తన భయం చెప్పుకొన్నాడు. అయినా వెళ్లి, అతని మీద చేతులుంచి, సహోదరుడా అని పిలిచాడు. దారిలో ప్రభువు దర్శనంతో సౌలు చూపు కోల్పోయి మూడు దినాలే అయింది. అప్పటికి అతడు చూపగలిగిన మంచి నడత ఏముంది? సుంకరి జక్కయ్య విషయమూ అంతే. యేసు అతని ఇంట బస చేస్తానన్న తరువాతనే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అతడు అన్నాడు.

మా సంఘంలో ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకరున్నారు. బాప్తిస్మం నాటికి ఆయన మిర్చి బస్తాల తూకంలో తరుగు పేరుతో కిలోలు కోయడం మానలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. తరువాతి సీజనులో ఒకరోజు పాత తక్‌పట్టీల (తూకం చీటీల) కట్ట ముందు పెట్టుకొని, ఒక్కొక్క చీటీ మీద ఎక్కువగా కోసిన కిలోలకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రైతులకు కబురు పెట్టి డబ్బు లెక్కగట్టి ఇచ్చారు. ఎవరూ ఆయనను నిలదీయలేదు. ముందు లెక్క తేల్చుకొని రమ్మని మేము గుమ్మం దగ్గరే ఆపి ఉంటే ఆయన మళ్లీ వచ్చేవారా అన్న ఆలోచనకే నాకు గుండె బరువెక్కుతుంది. కృప పొందడానికి అర్హత సంపాదించాలంటే, దానిని కృప అనడం ఎందుకు? కూలి అనవచ్చు.

జనగామ సభ్యుడు:
ఆ మాటకు నేను ఎదురు చెప్పను, చెల్లెమ్మా. అయితే ఈ రోజు సాక్ష్యమిచ్చినవాడు వచ్చే నెల ప్రసంగ వేదిక ఎక్కుతున్నాడు, సంఘ కానుకల లెక్క కూడా చేతికి తీసుకుంటున్నాడు. అతడు పడిపోతే సంఘమంతా నవ్వులపాలవుతున్నది.

కాజీపేట సభ్యురాలు:
అక్కడ మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రక్షణకు పిలుపు వేరు, సేవకు పిలుపు వేరు. కొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా నియమించవద్దని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉన్నది. యెరూషలేములో శిష్యులు సౌలును నమ్మనప్పుడు బర్నబా అతని పక్షాన నిలబడి చేయి పట్టుకొని తీసుకువెళ్లాడు. మన పెద్దలు ఏడాది గడువు పెట్టాలనుకుంటే దానిని వేదికకు పెట్టాలి, నీళ్లకు కాదు. ఆ యువకునికి బాప్తిస్మమిచ్చి, పొద్దుగూకి బెల్టు షాపు దగ్గర స్నేహితులు పిలిచే వేళకు అతని వెంట ఎవరుంటారో అదే ఆదివారం పేర్లతో సహా నిర్ణయించాలి.